ఒక్క గీత అరగలేదు

నేను ఒక కారుకి వెనక కుడిపక్క టైరుని. ఇప్పటికీ టైరునని చెప్పుకోవచ్చో లేదో తెలియదు. టైరంటే రోడ్డు మీద దొర్లేది కదా. నేను విశాఖపట్నం చేపల రేవులో, జెట్టీ గోడకి కట్టిన తాడుకి వేలాడుతున్నాను. పడవ వచ్చి గోడకి తగలబోయినప్పుడు రెండింటికీ మధ్య ఉండడం ఇప్పుడు నా పని. నా ఒంటి మీద గీతలన్నీ అచ్చులోంచి తీసిన రోజు ఎంత లోతుగా ఉన్నాయో ఈ రోజూ అంతే లోతుగా ఉన్నాయి. నన్ను చూసిన ప్రతివాడూ "కొత్త టైరురా ఇది" అంటాడు. అంతకంటే క్రూరమైన మాట నేనింతవరకూ వినలేదు.

నా పుట్టుకలో విశేషమేమీ లేదు. రబ్బరు చెట్టు పాలు, మసి, గంధకం, నూనె, ఉక్కు తీగలు. వీటన్నిటినీ కలిపి ముద్ద చేసి, అచ్చులో బిగించి, ఆవిరితో ఉడికించారు. బయటికి వచ్చేసరికి పసిబిడ్డ ఒంటి మీద నూగులాగా నా ఒళ్ళంతా సన్నని రబ్బరు వెంట్రుకలు ఉన్నాయి. పక్కటెముక మీద నేను పుట్టిన వారం, సంవత్సరం అంకెల్లో అచ్చువేశారు. కొనేటప్పుడు ఆ అంకెల్ని అందరూ వంగి చదువుతారు. కొన్న తర్వాత ఎవరూ చదవరు.

నన్ను కావాలనే మెత్తగా తయారు చేశారు. గట్టి టైరు రోడ్డు మీదుగా పోతుంది. మెత్తటి టైరు రోడ్డుని తనలోకి రానిస్తుంది. ప్రతి ఇసుక రేణువూ, ప్రతి కంకర మొనా దాని చర్మంలోకి కొంచెం దిగి, మళ్ళీ వదిలిపోతుంది. మనుషులు దీన్ని గ్రిప్పు అంటారు. నాకు మాత్రం అది నొప్పిపడగల గుణం అనిపిస్తుంది. ఆ గుణం ఉన్నవాడు త్వరగా అరిగిపోతాడు. అరిగిపోవడానికే పుట్టానని నాకు తెలుసు. అందుకు దిగులేమీ ఉండేది కాదు.

నన్ను కొన్న మనిషి పేరు జోగారావు. రేవుకి దగ్గర్లోనే అతని ఐసు ఫ్యాక్టరీ. యాభై దగ్గర పడ్డాక హైదరాబాదులో ఎవరి దగ్గరో ఒక స్పోర్ట్స్ కారు కొన్నాడు. బూడిద రంగుది. దాని ఇంజనుకి అయిదువందల గుర్రాల బలం, ఆ బలమంతా వెనక రెండు చక్రాలకే. కారుతో పాటు వచ్చిన వెనక టైర్లు రాళ్ళలా ఉండేవట. ఒకరోజు సిరిపురం జంక్షన్లో పచ్చదీపం పడగానే జోగారావు కాలు కొంచెం గట్టిగా ఆనింది. కారు తోక, గట్టున పడ్డ చేపలా పక్కకి కొట్టుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి అతను కారు బయటికి తీయలేదు. టైర్లు ఎంచడం మొదలుపెట్టాడు. నెలల తరబడి ఎంచాడు. ఏ టైరు వానలో ఎలా ఉంటుంది, ఏది ఎండలో ఎలా ఉంటుంది, అడిగిన వాళ్ళనే మళ్ళీ అడిగాడు. ఎంచుకుంటున్నంతసేపూ నడపక్కర్లేదు కదా అన్నది అతని మనసు అతనికి కూడా చెప్పని సంగతి.

చివరికి చిట్టిబాబు టైర్ల షాపుకి వచ్చాడు. వెంట భార్య హైమావతి, ఆమె అన్న నూకరాజు. నూకరాజుకి లారీలున్నాయి. అందుచేత టైర్ల విషయంలో ఎవరు నోరు తెరిచినా తానే జవాబు చెప్పాలని అతని నమ్మకం.

చిట్టిబాబు మూడు రకాల టైర్లు దొర్లించుకొచ్చి వరసగా నిలబెట్టాడు. మూడోదాన్ని నేను.

"ఇది గట్టిదండి," అన్నాడు మొదటిదాన్ని తట్టి. "ఓసారి ఏయించుకుంటే మళ్ళీ నా మొహం సూడక్కర్లేదు."

"ఇదే కట్టించు బావా," అన్నాడు నూకరాజు. "మా లారీలకి ఇలాటివే. కొండెక్కుతాది, కొండ దిగుతాది, కిక్కురుమనదు."

"లారీకీ దీనికీ పోలికేటండీ?" అన్నాడు చిట్టిబాబు. "లారీ దాని బరువుతో అది నిలబడతాది. ఈ బండికి కాలు ఇలా ఆనిత్తే చాలు, ఎనకాల చక్రాలు ఉన్నకాడే గిర్రున తిరిగేత్తాయి. గట్టి టైరుకి రోడ్డు దొరకదు."

"మరి ఈ రెండోది? దీనికి గీతలే లేవేటి?" అన్నాడు నూకరాజు.

"అది పందేలకండి. బాగా ఏడెక్కితే రోడ్డుకి అతుక్కుపోద్ది. సల్లగా ఉన్నప్పుడుగానీ, చినుకు పడ్డప్పుడుగానీ తీశారా, దేవుడికి దండం ఎట్టుకోడమే." నా వైపు తిరిగాడు. "మన ఊళ్ళో రోడ్డు మీద తిరగడానికి ఇదండి. మెత్తన. వాన నీళ్ళు పోడానికి గీతలున్నాయి. ఏడెక్కకుండా అలా తీసుకెళ్ళినా పట్టు తప్పదు."

జోగారావు అందరూ అడిగే ప్రశ్నే అడిగాడు. "ఎన్నాళ్ళొత్తాది?"

"ఎక్కువ రాదండి. మెత్తటిది కదా. తిప్పినకొద్దీ అరిగిపోద్ది."

అరిగిపోద్ది అన్న మాటకి జోగారావు మొహంలో ఏదో తలుపు మూసుకున్నట్టయింది. హైమావతి అది చూసింది. ఆమె వంగి నా భుజం మీద బొటనవేలి గోరు నొక్కింది. గోరు దిగింది. చిన్న నెలవంక లాంటి గుర్తు పడి, మెల్లగా మాయమైంది. నన్ను ఒక మనిషి ముట్టుకోవడం అదే మొదలు.

"ఏవండీ, ఇది సూడండి. గోరు దిగతంది."

"దిగితే?"

"దిగితే పట్టుకుంటాది."

నూకరాజు పెద్దగా నవ్వాడు. "టైర్లు కొంటన్నావా చెల్లీ, వంకాయలు కొంటన్నావా?"

అందరూ నవ్వారు. హైమావతి కూడా నవ్వుతూనే నా ఒంటి మీది రబ్బరు వెంట్రుకలు ఒక్కొక్కటీ పీకుతూ కూర్చుంది. "అరిగిపోద్దనే ఈయన బెంగ," అంది చిట్టిబాబుతో. "మా మాఁవగారు ఈయనకి చిన్నప్పుడు నల్ల బూట్లు కొన్నారట. బళ్ళో పిల్లలెవరికీ లేవు. ఈయనేమో పండక్కి ఏసుకుందారి, పెళ్ళికి ఏసుకుందారి అని పెట్టిలో దాసీసి, తీరా ఓరోజు ఏసుకుందామని తీత్తే కాలు పట్టలేదట!"

జోగారావు కూడా నవ్వాడు. అందరికంటే కొంచెం ఆలస్యంగా.

"భీమిలి ఎల్లొచ్చేదాకా అరగదు కదా?" అంది హైమావతి. "నాకది చాలండి."

అలా నన్నూ, నా తోడుదాన్నీ ఎంచుకున్నారు. నిజానికి ఎంచుకున్నది ఆమె.

కొత్త టైర్లు వేశారు కాబట్టి సంపత్ వినాయకుడి గుడి దగ్గర కారుకి పూజ చేయించారు. పసుపు రాశారు, కుంకుమ బొట్లు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. నా కింద ఒక నిమ్మకాయ పెట్టారు. కారు కదిలింది. నిమ్మకాయ నా కింద చితికి, దాని పులుపు నా గీతల్లోకి పాకింది. అక్కణ్ణుంచి లాసన్స్ బేలో ఇంటికి వెళ్ళాం. ఆ కొద్దిపాటి దారిలో నేను రోడ్డుని ఎంత గట్టిగా పట్టుకున్నానో! తారు ఎండకి వేడిగా ఉంది. మూలమలుపులో కారు బరువంతా నా మీదికి ఒరిగింది. నేను వంగాను, పట్టాను, వదిలాను. ఇదన్నమాట బతకడం అనుకున్నాను. ఇంటి కింద సెల్లారులోకి దిగాం. ఇంజను ఆగింది. జోగారావు కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసుకుని, గుడ్డ కప్పాడు.

ఆ తర్వాతంతా సెల్లారే.

హైమావతి కోరిక చిన్నది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి వానలో స్కూటరు మీద, సముద్రం పక్క దారిలో భీమిలి వెళ్ళారు. అప్పుడు జోగారావు దగ్గర ఏమీ లేదు. స్కూటరు కూడా ఎరువు తెచ్చిందే. దారి పొడుగునా గొంతెత్తి పాడుతూ, కావాలని నీటి గుంటల్లోంచి పోనిస్తూ నడిపాడట. ఆమె అతని భుజం మీద చెయ్యేసి కూర్చుందట. ఆ మనిషిని మళ్ళీ ఒక్కసారి చూడాలని ఆమె ఆశ. కారు ఆమెకి నెపం. భీమిలి కూడా నెపమే.

అడిగింది. రోడ్డు తవ్వుతున్నారు, అయ్యాక ఎల్దాం అన్నాడు. మళ్ళీ అడిగింది. మబ్బుగా ఉంది అన్నాడు. ఇంకోసారి అడిగింది. ఎండకి టైర్లు పాడవుతాయి అన్నాడు. పర్యాటకులు ఎక్కువగా ఉన్నారు, శుక్రవారం కాదు, అమావాస్య వెళ్ళనీ. ఏ కారణమూ అబద్ధం కాదు. విడివిడిగా చూస్తే ప్రతిదీ తెలివైన మాటే. ఒక మనిషి జీవితం మొత్తాన్ని తెలివైన మాటలతోనే మూసెయ్యవచ్చని నేను ఆ సెల్లారులో నేర్చుకున్నాను.

కొన్నాళ్ళు ఆమె ఆగివున్న కారులోకే వచ్చి కూర్చునేది. సీట్ల మీద ప్లాస్టిక్ తొడుగు అలాగే ఉండేది. ఆమె కదిలితే పరపరమనేది. ఓసారి బజ్జీలు తెచ్చుకుంది. "నూనె చేతులు హైమా!" అని జోగారావు మెట్ల పైనుంచి అరిచాడు. ఆమె దిగిపోయి, మెట్ల మీద కూర్చుని తింది.

జోగారావు చెడ్డవాడు కాదు. ప్రతి ఆదివారం కిందికి వచ్చి గుడ్డ తీసి, ఇంజను కాసేపు తిప్పి, చెవి పెట్టి విని, ఆపేసేవాడు. తర్వాత నా పక్కన గొంతుకిలా కూర్చుని, స్పాంజీతో నల్ల పాలిషు రాసేవాడు. అతని చెయ్యి నా మీద ఎంతో ప్రేమగా జారేది. జారేది, అంతే. నొక్కేది కాదు. నొక్కివుంటే తెలిసేది.

అతని వృత్తే అతని మనసుని అలా మలిచిందో, అతని మనసే ఆ వృత్తిని వెతుక్కుందో చెప్పలేను. రోజూ అతని కళ్ళ ముందు జరిగేది ఒకటే. ఐసు కప్పితే చేప పాడవదు. కాబట్టి కప్పిపెట్టిందేదీ పాడవదని అతని లోపల ఎక్కడో స్థిరపడిపోయింది. ఐసు కప్పేది చచ్చిన చేపకే అన్నది అతనికి ఎన్నడూ తట్టలేదు.

నేను గట్టిపడడం ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. అదే నన్ను భయపెడుతుంది ఇప్పటికీ. తెగితే తెలుస్తుంది, మేకు దిగితే తెలుస్తుంది. గట్టిపడడం నొప్పిగా ఉండదు. అది నొప్పి తగ్గిపోతూ ఉండడం. మొదట్లో నేల మీది ఇసుక రేణువు కూడా నాకు గుచ్చుకునేది. తర్వాత తర్వాత గుచ్చుకోవడం మానేసింది. నేను దాన్ని ప్రశాంతత అనుకున్నాను. ఓర్పు అలవడింది అనుకున్నాను. సముద్రపు గాలి ఉప్పుతో వచ్చి సెల్లారంతా తిరిగేది. లోపలి నూనె ఎటో ఆరిపోయింది. ఎప్పుడూ ఒకేచోట నిలబడడం వల్ల కారు బరువుకి నా అడుగు బల్లపరుపుగా అణిగింది. పైకి మాత్రం పాలిషుతో నిగనిగలాడుతూనే ఉన్నాను. అవతలి పక్క నా తోడు టైరుకీ ఇదే జరుగుతోందని నాకు తెలుసు. ఇద్దరం ఏమీ చెప్పుకోలేదు. ఒకే గదిలో ఏళ్ళు గడిపినవాళ్ళు ఏం చెప్పుకుంటారు?

హైమావతి అడగడం మానేసింది. నూకరాజు ఒకసారి స్కూటరు పెట్టడానికి సెల్లారులోకి వచ్చి, కారు మీది గుడ్డ ఎత్తి చూసి, మెట్ల మీద ఉన్న హైమావతితో నవ్వుతూ అన్నాడు. "ఏటి చెల్లీ, మీ ఆయన దీన్ని ఆవకాయ పెట్టేడా? ఇంకా తీలేదు?"

"అడగడం మానీసేను అన్నియ్యా."

"అదేటి?"

"అడిగినప్పుడల్లా ఆయన మొహంలో భయం కనపడతాది. పాపం అనిపిత్తాది. తర్వాత కోపం వత్తాది. ఇప్పుడు రెండూ రావట్లేదు."

నూకరాజుకి ఆ మాట అర్థం కాలేదు. నాకు పూర్తిగా అర్థమైంది. నాకు జరుగుతున్నదే ఆమెకీ జరుగుతోంది.

ఒక శనివారం నూకరాజు భోజనానికి వచ్చి, వెళ్ళేటప్పుడు జోగారావుతో సెల్లారులో మాట్లాడుతూ అనేశాడు. "చెల్లి మొన్న భీమిలి బస్సులో కనపడింది బావా. ఒక్కర్తే. కిటికీ పక్కన కూకుంది. ఇది మూడోసారి అంటాది! నీకు సెప్పలేదేటి?"

నూకరాజు వెళ్ళాక జోగారావు గుడ్డ కప్పిన కారుకి ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఆమె తనని అడగడం మానేసిందని అతను సంతోషించాడు ఇన్నాళ్ళూ. అడగడం మానడమంటే కోరుకోవడం మానడం కాదని, తనని మినహాయించి కోరుకోవడం మొదలైందని ఇప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే గుడ్డ తీసి మడతపెట్టాడు. సీట్ల మీది ప్లాస్టిక్ చింపేశాడు. గాలి కొట్టే మిషను తెప్పించాడు. నా ముందు కూర్చుని, గోరు నా గీతల్లో పెట్టి లోతు చూశాడు.

"హైమా! బయల్దేరు. భీమిలి ఎల్దాం."

ఆమె మెట్ల మీద ఆగిపోయింది. "ఇప్పుడా? మబ్బు పట్టీసింది కదండీ."

"పడితే పట్టనీ. టైర్లు సూడు, కొత్తవే. ఒక్క గీత అరగలేదు."

ఆమె నమ్మినట్టు లేదు. అయినా చీర మార్చుకుని వచ్చింది. కొత్త చీర. ఆమె కూడా దాచుకున్నదే కాబోలు.

సెల్లారులోంచి ఎక్కి బయటికి వచ్చేసరికి వెలుతురు నా మీద పడింది. రోడ్డు! ఎన్నాళ్ళు కలగన్నాను దాన్ని. తీరా తగిలితే ఎవరో పరాయివాళ్ళ మాటలా వినపడింది, మాట తెలుస్తోంది, అర్థం లోపలికి దిగడం లేదు. అణిగిన అడుగు తిరిగినప్పుడల్లా టక్కు టక్కుమని కొట్టుకుంది. "ఏటా చప్పుడు?" అంది హైమావతి. "కాసేపు తిరిగితే సర్దుకుంటాది," అన్నాడు. సర్దుకోలేదు.

రుషికొండ దాటాక చినుకులు మొదలయ్యాయి. ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండ. జోగారావు అంతదాకా రెండు చేతులతో స్టీరింగ్ బిగించి పట్టుకుని, ముసలివాడిలా నడిపాడు. హైమావతి అద్దం దించింది. వాన లోపలికి కొట్టింది. సీటు తడిసింది. అతను ఏమీ అనలేదు. ఆమె అతని వైపు చూసి, చాలా నెమ్మదిగా, ఎడమ భుజం మీద చెయ్యి వేసింది.

అప్పుడు అతని గొంతులోంచి ఏదో కూనిరాగం వచ్చింది. సగం పాట, సగం వణుకు. వంపు ఎదురుగా ఉంది. ఆ చెయ్యి బరువుకి అతని కాలు కిందికి వెళ్ళింది.

అయిదువందల గుర్రాలు ఒక్కసారిగా నా మీద పడ్డాయి. నేను పుట్టింది ఆ క్షణం కోసమే. తడి తారు నా కింద ఉంది. ప్రతి కంకర మొననీ నాలోకి పిలిచాను. ఒక్కటీ రాలేదు. నా చర్మం తెరుచుకోలేదు. నేను తిరిగాను, వట్టినే తిరిగాను, గాజు మీద గాజులా. కారు వెనకభాగం ముందుకి వచ్చేసింది. సముద్రం, కొండ, సముద్రం, సరుగుడు చెట్లు. ఇసుకలోకి దూసుకెళ్ళి, వచ్చిన దారి వైపే మొహం పెట్టి ఆగాం.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. వైపర్లు మాత్రం ఆడుతూనే ఉన్నాయి.

"కొత్తవే హైమా," అన్నాడు జోగారావు. "ఒక్క గీత కూడా... నువ్వే సూడు... ఒక్క గీత అరగలేదు..."

ఆమె దిగింది. కొత్త చీర ఇసుకలో ఈడుస్తూ నా దగ్గరికి వచ్చి వంగింది. షాపులో నొక్కినచోటే, భుజం మీద, బొటనవేలి గోరు నొక్కింది. నాకు ఆ గోరు గుర్తుంది. దాన్ని లోపలికి రానివ్వాలని నాలో మిగిలిన సమస్తంతో కోరుకున్నాను. గోరు దిగలేదు. ఇంకా గట్టిగా నొక్కింది. గోరు చివర విరిగింది.

ఆమె కోప్పడలేదు. ఏడవలేదు. అతని వైపు తలెత్తి, "బూట్లేనండి," అంది. "మీ బూట్లే."

భీమిలి బస్సు వస్తోంది. ఆమె చెయ్యెత్తింది. "మీరు బండి సంగతి సూసుకుని రండి," అని చెప్పి ఎక్కింది. బస్సు వంపు తిరిగి, ఏ ఇబ్బందీ లేకుండా వెళ్ళిపోయింది. జోగారావు ఇసుకలో నా పక్కన కూలబడి, తన గోరుతో నన్ను నొక్కడం మొదలుపెట్టాడు. ఒకచోట, ఇంకోచోట, మళ్ళీ మొదటిచోట. క్రేను వచ్చేదాకా నొక్కుతూనే ఉన్నాడు.

కారు అమ్మేశాడు. కొన్నవాడు మమ్మల్ని విప్పించి పాత సామాన్లవాడికి ఇచ్చాడు. నా తోడు ఎటు వెళ్ళిందో తెలియదు. నన్ను ఈ రేవుకి తెచ్చి కట్టారు. ఇక్కడా నేను పనికిరాలేదు. పడవ వచ్చి ఒత్తుకున్నప్పుడు వంగి, దాని దెబ్బని మింగాలి నేను. నాకు వంగడం రాదు.

ఈ రోజు పొద్దున ఎల్లయ్య అనే పడవ మనిషి నన్ను తిట్టుకుంటూ తాడు విప్పబోయాడు. "ఇది టైరు కాదురా, బండరాయి. పడవ సెక్క పగిలిపోతాది. సముద్రంలో పారేత్తాను."

ఐసు లారీ పక్కన నిలబడి ఉన్న ఒక పెద్దమనిషి ముందుకి వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను ఆనవాలు పట్టలేదు. వంగి నా గీతల్లో గోరు పెట్టి లోతు చూశాడు.

"ఎందుకు పారేత్తావు ఎల్లయ్యా? ఒక్క గీత అరగలేదు. ఉండనీ, ఎప్పటికైనా పనికొత్తాది."

"మీ ఇష్టం బాబూ," అంటూ ఎల్లయ్య తాడు మళ్ళీ ముడేశాడు. "అమ్మగారు బాగున్నారా?"

"బాగుంది. భీమిలి ఎల్లింది."

"మీరెల్లలేదేటి?"

"ఎల్లాలి," అన్నాడు జోగారావు. "వాన తగ్గనీ."

ఆకాశంలో ఎక్కడా మబ్బు తునక లేదు. ఎల్లయ్య ఒకసారి పైకి చూసి పడవలోకి దిగాడు. అల వచ్చి పడవని ఎత్తి నా మీదికి నెట్టింది.